మూడో అంతస్తు వాళ్ళతో బెర్లిన్ దాకా

వెళ్ళొచ్చి మూడు వారాలైంది. కాకినాడ ఎండకి ఒళ్ళు మళ్ళీ అలవాటు పడింది గానీ చెవులు మాత్రం ఇంకా తిరిగి రాలేదు. మధ్యాహ్నం కాస్త కునుకు పట్టగానే వ్యాను చప్పుడు, కిటికీలోంచి తడి గడ్డి వాసన, పెదవులు విప్పకుండా ఎవరో పాడుకుంటున్న పాట. ఉలిక్కిపడి లేస్తే పైన ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. జర్మనీలో ఏమేం చూశావని అడిగేవాళ్ళకి కోటల పేర్లు, చర్చిల పేర్లు చెప్పలేక నీళ్ళు నములుతున్నాను. నేను చూసింది ముగ్గురు మనుషుల్ని, చెక్కపొట్టు వాసన వేసే వాళ్ళ వ్యానుని.

ముప్ఫై ఏళ్ళు ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో సౌండ్ చూసినవాణ్ణి నేను. క్రిస్మస్ పాటలు, పెళ్ళి పాటలు, ఎన్నికల పాటలు, అన్నీ ఈ చేతుల మీదుగానే వెళ్ళాయి. గొంతు పైన ఉండాలి, వాయిద్యాలు కింద ఉండాలి. నాకు తెలిసిన న్యాయం అదొక్కటే. మా అక్క కూతురు హెప్సిబా స్టుట్‌గార్ట్‌లో కార్ల బ్రేకులకి సాఫ్ట్‌వేర్ రాస్తుంది, శని ఆదివారాలు బ్యాండ్‌లో గిటార్ వాయిస్తూ పాడుతుంది. "మా పిల్లది ఇండీ బ్యాండ్" అని అక్క గొప్పగా చెప్పినప్పుడల్లా, ఏ కంపెనీ పిలవని బ్యాండ్‌ని ఇండీ అంటారని నేను ఏడిపించేవాణ్ణి. ఒకరోజు హెప్సియే ఫోన్ చేసింది. "కంపెనీ పిలిచింది మామయ్యా. ఏం చెయ్యాలో తోచట్లేదు. ఒక్కసారి వచ్చి మా పాటలు విని చెప్పు" అంది. ఆ ఒక్క మాట కోసం వీసా ఆఫీసు చుట్టూ తిరిగి, జూన్ నెలలో విమానం ఎక్కాను.

ఫ్రాంక్‌ఫర్ట్: ఒళ్ళో ఖాళీ సీసా

విమానాశ్రయంలో హెప్సి పరుగెత్తుకొచ్చి, నన్ను వాటేసుకుని, ముందుగా నా పెట్టెలోని గోంగూర పచ్చడి క్షేమం అడిగింది. తర్వాత నా క్షేమం.

రైలు ఎక్కే ముందు స్టేషన్‌లో ఒక నీళ్ళ సీసా కొన్నాను. మూడు యూరోల పైన, మన డబ్బుల్లో దాదాపు మూడు వందలు. దాహం సగం అక్కడే చచ్చిపోయింది. తాగేసి సీసా పారేయబోతే హెప్సి చెయ్యి పట్టుకుంది. ఖాళీ సీసాని కొట్లో మిషన్‌లో వేస్తే పావు యూరో వెనక్కి ఇస్తారట. అలా ఆ సీసాని చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని స్టుట్‌గార్ట్ దాకా కూర్చున్నాను.

రైలు పెట్టెలో అంతమంది ఉన్నా చప్పుడు లేదు. బయట ఎర్ర గసగసాల పువ్వులు పొలాల గట్ల వెంట పరుగెడుతున్నాయి. ఎదురుగా ఒక పెద్దావిడ ఒళ్ళో మునక్కాయలంత పొడుగున్న తెల్లటి కాడల కట్ట. ఆస్పరాగస్ అని హెప్సి చెప్పింది. జూన్ చివరి వారం వస్తే ఇక వాటిని కొయ్యరట, మొక్క అలసిపోతుందట. ఆవిడ చెబుతుంటే హెప్సి తెలుగు చేస్తోంది. మొక్కకి సెలవు ఇచ్చే దేశం అనుకున్నాను, నిద్ర కళ్ళతో.

ఆవిడ దిగిపోయాక హెప్సి గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది.

"బెర్లిన్‌లో ఒక మ్యూజిక్ కంపెనీ మామయ్యా. మా రికార్డు వాళ్ళే వేస్తారంట, ఊరూరా ప్రోగ్రామ్స్ వాళ్ళే పెట్టిస్తారంట. వాళ్ళ మనిషి ఒకాయన శనివారం, ఆదివారం మా పాటలు వినడానికి వస్తాడు. ఆదివారం సాయంత్రానికి అవునో కాదో చెప్పెయ్యాలి."

"మంచిదే కదే!"

"రికార్డింగ్ మాత్రం వాళ్ళ సొంతం అయిపోతుంది. సౌండ్ ఎలా ఉండాలన్నది కూడా ఆఖరి మాట వాళ్ళదే. శ్రవణ్ సరే అంటున్నాడు. ఫ్రీడా వద్దంటోంది."

"నువ్వో?"

కిటికీ అద్దం మీద వేలితో ఏదో గీసింది. "ఇది కుదిరితే ఆఫీసు మూడు రోజులకి తగ్గించుకోవచ్చు మామయ్యా. మిగతా రోజులన్నీ పాటలే. ఎన్నాళ్ళ నుంచి అనుకుంటున్నానో నీకు తెలీదు."

స్టుట్‌గార్ట్: నేలమాళిగలో పాట

కొండ వాలు మీద నాలుగంతస్తుల ఇల్లు. హెప్సి తలుపుకి ఒక చెక్క పలక వేలాడుతోంది. ఈ వారం మెట్లు ఊడ్చే వంతు ఆమెదని దాని అర్థం. వారం అయ్యాక మెట్లు తుడిచి, పలక తీసి పక్కింటి తలుపుకి తగిలించాలి. మన అపార్ట్‌మెంట్లలో ఇలాంటి పలక తగిలిస్తే రెండో రోజుకి పలకే మాయమవుతుంది.

నేలమాళిగలో బట్టలు ఆరేసుకునే గది ఉంది. దాని పక్క గదిలో వీళ్ళ ప్రాక్టీసు. మొదటిరోజు వాయించగానే మూడో అంతస్తులో ఉండే పెద్దావిడ చక్కటి చేతిరాతతో ఫిర్యాదు ఉత్తరం రాసిందట. అది చదివి ముగ్గురూ నవ్వుకుని, బ్యాండ్‌కి 'మూడో అంతస్తు' అని పేరు పెట్టుకున్నారు. ఆవిడకీ సంగతి తెలిసింది. ఇప్పుడు ప్రాక్టీసు వేళల కాగితం ఆవిడ ఫ్రిజ్ మీద ఉంటుంది. నేనున్న సాయంత్రం ఆవిడ చెర్రీ కేకు పట్టుకుని కిందికి దిగింది. నాతో చెయ్యి కలిపి, నిన్న ప్రాక్టీసు నాలుగు నిమిషాలు ఆలస్యంగా ముగిసిందని హెప్సికి చెప్పి, కేకు అక్కడ పెట్టి వెళ్ళిపోయింది.

శ్రవణ్‌ది వరంగల్. చదువుకి వచ్చి ఇక్కడే ఐటీ ఉద్యోగంలో కుదురుకున్నాడు. బ్యాండ్‌లో బాస్ గిటార్ అతనిది. ఫ్రీడా ఈ ఊరి పిల్లే, నా కంటే జానెడు పొడుగు. పొద్దున్నంతా చంటిపిల్లల బడిలో ముక్కులు తుడుస్తుంది, సాయంత్రం డ్రమ్స్ వాయిస్తుంది. హెప్సి పిలుస్తుంటే విని, మామయ్య అన్నది నా పేరే అనుకుని, "మామయ్యా, కాఫీ?" అని అడిగింది. నేనూ సరిదిద్దలేదు.

అసలు ఇండీ అంటే ఏమిటని అడిగాను. శ్రవణ్ తీగలు బిగించుకుంటూ అన్నాడు: "మస్తు మంది అదొక తీరు సౌండ్ అనుకుంటరు మామా. గట్ల కాదు. పాట మనది, రికార్డు మనది, గంతే. కానీ ఇనేటోళ్ళు గూడ ఉండాలె గద! యాభై మందికి వాయించి వాయించి నాకు యాష్టకొచ్చింది."

ఫ్రీడా ఒక గళ్ళ నోటుబుక్కు తెరిచింది. ఈ బ్యాండ్‌లో ప్రతి నిర్ణయం అందులో రాస్తారు. ఎక్కడ పాడాలి, ఏ పాట ముందు, వ్యాను టైర్లు మార్చాలా వద్దా, అన్నీ. ముగ్గురూ ఒప్పుకుంటేనే ఏ పనైనా. ఒక్కరు వద్దన్నా ఆగిపోతుంది. "వద్దు అనే హక్కు ఎవరి చేతిలో ఉందో చూడండి. అది మా ముగ్గురి చేతిలోనే ఉన్నంతకాలం మేము ఇండీ" అంది, మెల్లగా, నాకు అర్థమయ్యే ఇంగ్లిష్‌లో. మా స్టూడియోలో వద్దనే హక్కు నిర్మాతది. పాడినవాళ్ళు డబ్బుల కవరు తీసుకుని, టీ తాగి, మళ్ళీ బస్సెక్కేవారు. వాళ్ళ పాట ఏమైందో వాళ్ళకి తెలిసేది కాదు. ఆ సంగతి అప్పటిదాకా నాకెప్పుడూ వింతగా తోచలేదు.

తర్వాత పాడారు. హెప్సి రాసిన తెలుగు పాట, ఆ బట్టల గది మీదే.

ఆరని చొక్కాల గదిలో
నా పేరు ఎవరూ తప్పు పలకరు

నా మేనకోడలి గొంతు డ్రమ్స్ కిందికి ఒకసారి మునుగుతోంది, గిటార్ పక్కన ఒకసారి తేలుతోంది. నాకు ప్రాణం విలవిల్లాడింది. ఇంత గొంతు పెట్టుకుని ఇదేం ఖర్మ అనుకున్నాను. పైకి మాత్రం బాగుందన్నాను.

బాంబెర్గ్: నా చెయ్యి చేసిన పని

శనివారం పొద్దున వ్యానులో బయల్దేరాం. ఫ్రీడా వాళ్ళ నాన్న వడ్రంగి. వ్యాను ఆయనది, మూలమూలనా చెక్కపొట్టే. వీళ్ళతో తిరిగే సౌండ్ మనిషికి జ్వరం వచ్చి ఆగిపోయాడు. "నువ్వున్నావుగా మామయ్యా" అంది హెప్సి. నేను ఆ మాట కోసమే కాచుకుని ఉన్నానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

బాంబెర్గ్‌లో ఇళ్ళు నదిలోకి కాళ్ళు పెట్టుకుని కూర్చున్నట్టు ఉంటాయి. అక్కడ పొగ పెట్టిన బీరు ప్రసిద్ధి అంటే ఒక గుక్క తాగాను. ఎండుచేపలు కాల్చిన వాసన. కాకినాడవాణ్ణి గనక కంగారు పడలేదు. కచేరీ ఒక పాత ఇంటి పెరట్లో, సాయంత్రం నాలుగింటికి. ఇరుగుపొరుగు వాళ్ళు తలా ఒక కేకు చేసి తెచ్చి బల్ల నింపేశారు. టిక్కెట్టు లేదు. పాటలయ్యాక టోపీ తిప్పుతారు, ఎవరికి తోచింది వాళ్ళు వేస్తారు. మన దగ్గర కచేరీ మధ్యలో పిల్లలు పరుగెడతారు, ఫోన్లు మోగుతాయి. ఇక్కడ వాళ్ళు కేకు నములుతూ కూడా చప్పుడు కానివ్వరు.

మిక్సర్ మీద, పైకీ కిందికీ జరిపే మీటల పక్కన ఫ్రీడా నీలం టేపుతో గీతలు అంటించింది. గొంతు ఇక్కడ, గిటార్లు ఇక్కడ, డ్రమ్స్ ఇక్కడ. "ముగ్గురూ సమానం, మామయ్యా. గీత దాటొద్దు" అంది. నేను మనవాళ్ళ పద్ధతిలో తల అటూ ఇటూ ఊపాను.

మొదటి పాట గీతల మీదే నడిచింది. రెండోది బట్టల గది పాట. పెరట్లోని పెద్ద చెట్టు ఆకుల మధ్యనుంచి ఎండ చినుకుల్లా పడుతోంది. 'నా పేరు' దగ్గరికి వచ్చేసరికి హెప్సి గొంతు మళ్ళీ మునిగింది. నా వేలు నన్ను అడగలేదు. ఆమె మీట పైకి వెళ్ళింది, డ్రమ్స్ మీట దిగింది, గిటార్లవి ఇంకాస్త దిగాయి. పెరడంతా ఒక్కసారి ఆ గొంతుతో నిండిపోయింది. ముందు వరుసలో ఒకావిడ ఫోర్కు కింద పెట్టేసింది. ఒక్క ముక్క తెలుగు రాని మనుషులు కళ్ళు మూసుకుని వింటున్నారు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆ తర్వాతి పాటలన్నీ అలాగే నడిపించాను, వేదిక మీద ఉన్నవాళ్ళకి ఆ తేడా వినబడదు కదా అన్న ధైర్యంతో.

అవగానే నల్లచొక్కా ఆయన ఒకరు హెప్సి దగ్గరికి వచ్చాడు. బెర్లిన్ కంపెనీ మనిషి. నెమ్మదస్తుడే, మాటలో మర్యాద ఉంది. తాను వెతుకుతున్నది సరిగ్గా ఈ సౌండేనని, కాగితం మార్చి రాస్తానని చెప్పాడు. ఒప్పందం హెప్సి ఒక్కదానితో. రికార్డు మీద ఆమె పేరు. మిగతా ఇద్దరూ కావాలంటే పక్కన వాయించవచ్చు, వాళ్ళకి రోజు లెక్కన ఇస్తారు. రేపు బెర్లిన్‌లో మాట్లాడదామని వెళ్ళిపోయాడు.

హెప్సి మొహం వెలిగిపోయింది. వెంటనే సిగ్గుపడి ఆ వెలుగుని దాచుకోబోయింది, కుదరలేదు. శ్రవణ్ "మంచిదే కదా హెప్సీ" అని నవ్వబోయి, గిటార్ సంచి జిప్పుతో కుస్తీ పట్టాడు. ఫ్రీడా మిక్సర్ సర్దడానికి వచ్చింది. నీలం గీతలు ఎక్కడున్నాయో, నా మీటలు ఎక్కడున్నాయో చూసింది. నా వైపు ఒక్కసారి చూసి మూత వేసేసింది.

చెరువు గట్టున ఆదివారం

బెర్లిన్ దారిలో పైన్ చెట్ల మధ్య ఒక చెరువు దగ్గర ఆగాం. నీళ్ళ మీద పొగమంచు ఇంకా లేవలేదు. ఆదివారం కావడంతో దేశం మొత్తం దుప్పటి కప్పుకున్నట్టుంది. కొట్లు లేవు, లారీలు లేవు. రొట్టె మీద గోంగూర రాసుకుని తిన్నాం. ఫ్రీడా కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా ఇంకో ముక్క అడిగింది. తర్వాత గళ్ళ నోటుబుక్కు తెరిచి, కంపెనీ సంగతి తేల్చుకుందామా అంది.

ఊరుకుంటే నా మేనకోడలు కోరుకున్న బతుకు ఆమెకి దొరుకుతుంది. కానీ అప్పుడు నా చెయ్యి చేసిన పనిని తన గొంతు గొప్ప అనుకుని ఆమె ఒప్పుకున్నట్టవుతుంది. చేతిలో రొట్టె పక్కన పెట్టాను.

"నిన్న నేను గీతలు దాటాను" అన్నాను. "హెప్సి గొంతు పెంచాను. మిగతావి తగ్గించాను."

శ్రవణ్ నోరు తెరిచాడు. "నా బాస్ గూడ తగ్గించిన్రా మామా?"

"కొంచెం."

"అయ్యో! నిన్న మస్తు కుదిరింది అనుకుంటున్న నేను."

హెప్సి నవ్వలేదు. "అంటే నిన్న వాళ్ళు విన్నది నన్ను కాదా?"

"నిన్నే అమ్మా. నీ గొంతే..."

"చాల్లే మామయ్యా. సండే స్కూల్ క్రిస్మస్ పాటలప్పుడు కూడా ఇదే చేశావు. మిగతా పిల్లల మైకులు తగ్గించావు. అందరూ నన్నే మెచ్చుకున్నారు. ఆ తర్వాత ఏడాదంతా ఒక్క పిల్ల కూడా నా పక్కన కూర్చోలేదు. నీకు తెలుసా ఆ సంగతి?"

నాకు తెలీదు. ఇరవై ఏళ్ళుగా ఆ పాటని నా జీవితంలో మంచి పనుల్లో ఒకటిగా లెక్కేసుకుంటున్నాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. క్షమించమ్మా అన్నాను. ఆమె వినిపించుకోకుండా చెరువు చుట్టూ నడవడం మొదలుపెట్టింది. మంచులో ఆమె పసుపు చొక్కా ఒకసారి కనబడుతోంది, ఒకసారి పోతోంది. "మీకు నిన్ననే తెలుసు కదా" అని ఫ్రీడాని అడిగాను. "తెలుసు. కానీ చెప్పాల్సింది మీరు" అంది. పుస్తకంలో ఇంకా ఏమీ రాయలేదు.

అరగంటకి హెప్సి తిరిగొచ్చింది. "ఇవాళ గీతల మీదే వాయిద్దాం. ఆయన విననీ. ఆ తర్వాత నేనే మాట్లాడతాను. మామయ్యా, మిక్సర్ దగ్గర నువ్వే కూర్చో. పారిపోకు."

బెర్లిన్: పాత లాండ్రీ

సైకిళ్ళు తప్పించుకుంటూ, ఒక ముంగిలి దాటి ఇంకో ముంగిలిలోకి వెళితే పాత లాండ్రీ హాలు. పొడవాటి కిటికీల్లోంచి సాయంత్రం ఆరింటికి కూడా మధ్యాహ్నమంత ఎండ. వెనక బల్లల మీద పది మంది దాకా మన పిల్లలే. "నీకు టెర్మిన్ దొరికిందారా?" "ఆగస్టులో ఇచ్చార్రా బాబూ, అప్పటికి నా పర్మిట్ అయిపోద్ది!" వీసా ఆఫీసు వాళ్ళు కలవడానికిచ్చే తేదీని టెర్మిన్ అంటారట. ఒంగోలు నుంచి వచ్చిన కుర్రాడొకడు, చదువైపోయినవాడు, నా చేతిలో ఒక కాఫీ పెట్టి, డబ్బులివ్వబోతే ఒట్టు పెట్టాడు.

నల్లచొక్కా ఆయన నా పక్కనే నిలబడ్డాడు. పాటలు మొదలయ్యాయి. మీటలన్నీ నీలం గీతల మీద ఉన్నాయి. బట్టల గది పాటలో అదే చోట హెప్సి గొంతు మునిగింది. ఆయన నా వైపు వంగి, "గాయని గొంతు కొంచెం పెంచండి, నిన్నటిలా" అన్నాడు. నా రెండు చేతులూ జేబుల్లో దూర్చేశాను. ముప్ఫై ఏళ్ళలో అంత కష్టమైన పని చేయలేదు.

హెప్సి గొంతు పెంచలేదు. ఇంకా తగ్గించింది, పక్కవాళ్ళకి చెబుతున్నంత మెల్లగా. మూడు నాలుగు దెబ్బల తర్వాత ఫ్రీడా తల పక్కకి తిప్పింది. ఆ గొంతు కోసం వెతుకుతున్నట్టు చెవి అటు పెట్టి, పుల్లలు ఒళ్ళో పడేసి, వేళ్ళతో డ్రమ్ముని తట్టడం మొదలుపెట్టింది. అది చూసి శ్రవణ్ ఒక్కొక్క స్వరమే వదులుతూ వెనక్కి తగ్గాడు. ఆమెకి దారి ఇచ్చారు. పాట చివరికి హెప్సి ఊరుకుని, వాళ్ళిద్దరికీ ఆ దారి తిరిగి ఇచ్చేసింది. గీతల మీద మీటలు వెంట్రుకంత కూడా కదలలేదు. నేను అక్కడ ఉండి లేనట్టే. నాకు ఏడుపొచ్చింది, అది సంతోషమో మరేమిటో తెలీలేదు.

తర్వాత హెప్సి ఆయన్ని అడిగింది: ముగ్గురి పేర్లతో, సౌండ్ మా మాట మీద, ఇలాగే వేస్తారా? ఆయన తనకి ఈ పాట నచ్చిందని, కానీ ఇలా అయితే తన పైవాళ్ళు ఒప్పుకోరని, ఉన్నమాట చెప్పాడు. హెప్సి ఒకసారి నేలకేసి చూసింది. "నైన్" అంది, వద్దని, జర్మన్‌లో. గొంతు వణికింది. సోమవారం పొద్దున ఎనిమిదింటికి మళ్ళీ బ్రేకుల ఆఫీసుకి వెళ్ళాలి కదా, వణకదా? ఫ్రీడా తనూ వద్దని రాసుకుని శ్రవణ్ వైపు చూసింది. మొదటినుంచీ సరే అంటున్నది అతనొక్కడే. "నాది గూడ నైనే రాయి. ఇంకో యాభై మందికి వాయిద్దాం తియ్" అన్నాడు, మొహం అటు తిప్పుకుని. కంపెనీ ఆయన ముగ్గురికీ చేతులు కలిపి, టోపీలో ఒక నోటు వేసి వెళ్ళిపోయాడు.

నేను వైర్లు చుడుతుంటే హెప్సి వచ్చి పక్కన నిలబడింది. చెరువు దగ్గర్నుంచి నాతో మాట్లాడటం అదే మొదలు.

"వినబడ్డానా మామయ్యా?"

ఆమెకి నాలుగేళ్ళున్నప్పటి నుంచి ఈ ప్రశ్నకి నా జవాబు ఒక్కటే, అందరికంటే నువ్వే వినబడ్డావని. ఈసారి అది నోట్లోంచి రాలేదు.

"కొన్నిచోట్ల వినబడలేదమ్మా."

ఒక్క క్షణం నన్ను చూసి, పగలబడి నవ్వింది. "హమ్మయ్య" అంది. వెళ్ళి పెద్ద డ్రమ్ముకి ఒక పక్క పట్టుకుంది. రెండో పక్క ఫ్రీడా పట్టుకుంది. ఇద్దరూ దాన్ని వ్యాను వైపు మోసుకెళ్ళారు.